మడతలు చిరిగిన అర్జీ

ఆళ్లగడ్డ దగ్గర సీఐగా ఉన్నప్పుడు ఒకామె తన మొగుణ్ణి నరికినవాడి పేరు రాసి అర్జీ ఇచ్చింది. "ఎమ్మెల్యే చెప్తే గానీ వాణ్ణి ముట్టుకోలేనమ్మా" అని సిగ్గులేకుండా పంపేశాను. తర్వాత ఉద్యోగం వదిలి, ఆ చుట్టుపక్కలే ఎమ్మెల్యేగా గెలిచాను.

మొన్న నంద్యాలలో మా ఇంటి ముందు అర్జీలవాళ్ల వరసలో మళ్లీ ఆమె కనిపించింది. చేతిలో అదే కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"ఆ పొద్దు ఎమ్మెల్యే చెప్పాల అంటివి. ఇప్పుడు నువ్వే ఎమ్మెల్యేవి గదా సారూ. ఇంగెవురు చెప్పాల?"

"చూస్తానమ్మా" అన్నాను. వచ్చిన ప్రతి అర్జీనీ పక్కనున్న మనిషికి అందించడం నాకు అలవాటు. ఇదీ అందించేశాను. ఆ మనిషి వాళ్ల ఊరి ఓట్లన్నీ నాకు వేయించినవాడు. కాగితంలో ఉన్న పేరూ అతనిదే.

చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.