ఉలవల దారిలో పాలపుంత

మా వియ్యపురాలు ఇక లేరన్న మాట సోమవారం తెల్లవారుతుండగా పుట్టపర్తి ఆసుపత్రి నుంచి వచ్చింది. మా ఊరు తనకల్లులో మావి ఎదురెదురిళ్లు. ఆమె జీవితమంతా కళాశాలలో భౌతికశాస్త్రం బోధించారు. నేను పురాణం చెప్పుకునేవాణ్ణి.

ఉపమానం దొరికితే ఆగని నోరు నాది. పాలపుంత విష్ణుహస్తంలోని శంఖంలా చుట్టలు తిరిగి ఉందని ఒకనాడు సభలో అన్నాను. ఆ సాయంత్రమే జొన్నరొట్టె కొడుతూ ఆమె నన్ను నిలదీశారు.

"పోలిక చెప్తే కారణం చెప్పినట్టు కాదన్నా. మొదట అదంతా వాయువు, పెద్ద మబ్బు. తన బరువుకు తానే కుంగతా, ఉన్న కొంచెం తిరుగుడు జోరు చేసుకునింది. ఆ తిరుగుడు దాన్ని నడుమకు పడనియ్యదు. పైనుంచి, కిందనుంచి మాత్రం అణగి చదునైంది. ఈ రొట్టె మాదిరి దాన్ని ఎవురూ కొట్టలే. సరే, లోపలి చుక్కలు తొందరగా సుట్టొస్తాయి, బయటివి ఆలస్యం. అట్లయితే నీ శంఖం చుట్టలు ఎప్పుడో బిగుసుకొని మాసిపోవాల గదా! యాల పోలే?"

కారణమేమిటని అడిగాను. ఆమె చెప్పలేదు. జవాబు తెచ్చి చేతిలో పెట్టే అలవాటు ఆమెకు లేదు.

మొన్న శుక్రవారం ఆమెకు ఊపిరి అందలేదు. వ్యానులో పడుకోబెట్టి బయలుదేరాం. ఆక్సిజన్ గొట్టం పట్టుకొని నా కోడలు, అంటే ఆమె కూతురు, పక్కన నేను. సిలిండరు మీది ముల్లు ఎర్రగీత వైపు దిగుతోంది. కదిరి దాటాక దారి మూసుకుపోయింది. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఒక రైతు సగం రోడ్డున ఉలవకట్టె పరిచి, చుట్టూ రాళ్లు పేర్చాడు. మిగిలిన సగంలో లారీలూ బస్సులూ ఇరుక్కున్నాయి.

డ్రైవరు దిగి అరిచాడు. "ఏమప్పా, రోడ్డు మీ నాయన కళ్లమా?"

"కళ్లం చేసేకి మెత్తటి నేల యాడుండాదన్నా, అంతా బండే! పొద్దున ఒక బైకోడు జారినాడని, మళ్లా ఎవురూ ఎక్కకుండా రాళ్లు పెట్టినా."

నా చూపు ముల్లును వదలడం లేదు. ఆమె నా మణికట్టు పట్టుకొని కిటికీ చూపించారు.

"చూడన్నా... ముందరి బండ్లు బయటపడతాండాయి... వెనక కొత్తవి వస్తాండాయి. గుంపు మాత్రం... ఆడనే ఉండాది. పాలపుంత చేతులూ... అదే, నీ శంఖం చుట్టలూ... ఇంతే. చుక్కలు దాంట్లో దూరి... పోతాయి. వాయువు ఇరుకైన తావున... కొత్త చుక్కలు పుడతాయి. అందుకే ఆ మెరుపు."

"మాట్లాడొద్దమ్మా!" కోడలు ఏడ్చింది.

"పాఠం సగంలో ఆపితే... ఎట్లమ్మా?"

డ్రైవరు వెంట వచ్చిన రైతు కిటికీలోంచి ఆమెను చూశాడు. రాళ్లు పక్కకు దొర్లించాడు. "ఉలవల మీదనే పోనియ్యన్నా, జారకుండా నిదానంగా!"

ముల్లు ఎర్రగీతను తాకకముందే ఆసుపత్రి చేరాం. తల్లీకూతుళ్లకు కడపటి మాటలు చెప్పుకునే వ్యవధి దక్కింది. ఆ రైతు పేరైనా అడగలేదు. నా కృతజ్ఞత అతనికి ఈ అక్షరాల్లోనే.

ఆ శుక్రవారం చక్రాల కింద ఉలవకట్టె చిటపటమంటుండగా ఆమె నన్ను వెనక్కి చూడమన్నారు. మేము ఇరుక్కున్న చోట అప్పటికే మరో బస్సు నిలిచి ఉంది. పొద్దు వాలుతోంది. గుట్ట మలుపు చుట్టూ వంగిన ఆ వరుసలో బండ్ల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.