జెట్టీ చివరి ఆరు స్తంభాలు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. అలాంటి నన్ను, పాత కట్టడాలు పరీక్షించే ఇంజనీరునని, కెనడాలో ఒషావాలోని మా ఆఫీసు పసిఫిక్ తీరంలో వారానికి ఒక్క పడవ వచ్చే దీవికి పంపింది. రెండో ప్రపంచయుద్ధకాలంలో నేవీ హడావిడిగా బేస్ కట్టి, యుద్ధం అయిపోగానే వదిలేసిన దీవి అది. ఫిరంగి దిమ్మెల మీద నాచు, చమురు ట్యాంకుల నిండా తుప్పు. ఇంకా పనికొస్తున్నది పడవ ఆగే కాంక్రీటు జెట్టీ ఒక్కటే. అక్కడి పది పన్నెండు కుటుంబాల సరుకులూ మందులూ దాని మీదే దిగుతాయి. అది నిలుస్తుందో లేదో నేను తేల్చాలి. నిలవదని రాస్తే పడవ రాదు. పడవ రాకపోతే వాళ్లంతా దీవి ఖాళీ చేయాల్సిందే.

ఎనభై దాటిన ఒకావిడ ఇంట్లో నాకు గది ఇచ్చారు. ఆ జెట్టీ కట్టిన కూలీల్లో వాళ్ల నాన్న ఒకడట. ఆమె రోజంతా కిటికీ దగ్గర కదలకుండా కూర్చునేది. అలా కూర్చున్న మనిషిని చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

వాన ఆగదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆవిడ ఇంటి ఫోన్‌లోంచి మా ఆయనకు చేశాను.

"ఇంకో వారం ఎక్స్‌టెండ్ అవుతుందా ఏంటి?" అన్నాడు.

"అయితే నాకు పిచ్చెక్కుద్ది. రిపోర్ట్ ఫినిష్ చేసి ఈ వారం పడవే ఎక్కేస్తా."

కాంక్రీటును మేము సుత్తితో కొట్టి వింటాం. మా అమ్మ కుండ కొనేముందు వేలితో కొట్టి చూసినట్టే. గట్టిదైతే ఖంగుమంటుంది. ఒడ్డు వైపు స్తంభాలన్నీ డొల్లగా మోగాయి. పెచ్చు ఊడదీస్తే లోపల గవ్వలు. ఎక్కడి బీచ్ ఇసుక అక్కడే ఎత్తి కలిపేశారన్నమాట. ఉప్పు చేరితే ఇనుప చువ్వలు బతకవని విశాఖపట్నంలో ఇల్లు కట్టుకునే ప్రతివాడికీ తెలుసు. యుద్ధం తొందరలో ఎవరికి పట్టింది?

చివరి ఆరు స్తంభాలు మిగిలాయి. వాటి దగ్గరికి వెళ్లాలంటే సముద్రం బాగా వెనక్కి తగ్గాలి. అది పడవ వెళ్లిన మర్నాటికి గానీ జరగదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా? "మిగతావీ ఇంతే" అని రాసి బ్యాగు సర్దేశాను.

పడవ వచ్చిన పొద్దున ఆవిడ కాఫీ పోస్తూ, తన ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. "చివరివి నువ్వు కొట్టలేదు కదా?"

"మీకెలా తెలుసు?"

"ఇక్కడ కూర్చుని అన్నీ విన్నాను. ఆ ఆరూ వినపడలేదు."

"అవీ అలాగే ఉంటాయిలెండి."

"ఉండవు. అవి మా నాన్న కట్టినవి. ఇసుకను వాగు నీళ్లలో కడిగితే గానీ కలపనని మొండికేశాడు. ఆ ఆరూ అయ్యాక, సోమరి అని రికార్డులో రాసి పనిలోంచి పంపేశారు."

ఏ కూతురైనా నాన్న గురించి ఇలాగే చెబుతుందిలే అనుకుని బయటికి నడిచాను. పడవ కూత వేసింది. బ్యాగు అందించబోయాను కూడా. కానీ వినకుండా రాసింది నేను, వింటూ కూర్చున్నది ఆమె. ఆ సంగతి నన్ను పడవ ఎక్కనివ్వలేదు. నన్ను నేనే తిట్టుకుంటూ వెనక్కి వచ్చాను. నాకు మరో వారం జైలు.

మర్నాడు నడుము లోతు చన్నీళ్లలో దిగి మొదటి దెబ్బ వేశాను. ఖంగుమంది. రెండోదీ అంతే. ఆరూ అంతే. పెచ్చు తీసి చూస్తే ఒక్క గవ్వ లేదు. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ల్యాబ్‌కి నమూనాలు తీసుకుని పైకి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"విన్నాను," అంది.

పడవ ఆగేది ఆ చివరి స్తంభాల దగ్గరే. వాటిని ఉంచి, ఒడ్డు దాకా కొత్త వంతెన వేస్తే చాలు, ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. రిపోర్ట్ మళ్లీ రాశాను. నిర్మాణ వివరాల దగ్గర ఇలా పెట్టాను: "చివరి ఆరు స్తంభాలు కడిగిన ఇసుకతో కట్టినవి. కట్టినవాడు సోమరి కాదు."

రెండో వాక్యం ఆఫీసులో కొట్టేస్తారని తెలుసు. అందుకే ముందు ఆమెకు చదివి వినిపించాను. మళ్లీ చదవమంది.