గోడ కార్చిన ఉప్పు

చెమ్మెక్కిన సున్నం వాసన తగిలితే ఇప్పటికీ నేను అక్కడ నిలబడలేను. పదేళ్ల వయసులో చెప్పవలసిన ఒక మాట నేను చెప్పలేదు. దానివల్ల మార్తమ్మ అనే మనిషి ముప్పై ఏళ్లు మా గుడి గడప తొక్కలేదు.

మాది నౌపడ దగ్గర, ఉప్పుమడుల మధ్య ఊరు. వేసవంతా తాటాకులు కప్పిన ఉప్పుకుప్పల వెనక దాగుడుమూతలు ఆడి, పగిలిన పాదాల్లో ఉప్పు దిగి మండుతుంటే కుంటుకుంటూ ఇళ్లకు చేరేవాళ్లం. తొలకరికి వచ్చే పునీత అంతోనివారి పండగనాడు మాత్రం తలకు నూనె, కొత్త లాగు, కొబ్బరి కుడుములు, ఊరంతా చేపల పులుసు వాసన.

మా నాన్న ఉపదేశి. ఫాదరుగారు నెలకొకసారి వచ్చి పూజ చేసి వెళితే, మిగతా రోజుల్లో జపాలు చెప్పించేది, తగువులు తీర్చేది ఆయనే. పాకగుడి తీసి గోడల గుడి కట్టేటప్పుడు ఇంటికో మనిషి ఇసుక మోశారు. మంచి ఇసుక దూరం. పండగలోపు పూర్తి కావాలని నాన్న పక్కనున్న ఉప్పుటేటి ఇసుకే మోయించాడు.

"ఇది ఉప్పిసక, బావా. వానొస్తే గోడ సెమరస్తాది" అన్నాడు మేస్త్రి, నా ఎదుటే.

"దేవుడి గుడికి ఏటీ అవదు, నువ్వు కట్టు" అన్నాడు నాన్న.

మరుసటి ఏడు తొలి వానలకు గోడలో బొమ్మ పెట్టిన గూటి పైనుంచి నీరు కారి, అంతోనివారి చెంపల మీదుగా దిగింది. పునీతుడు ఏడుస్తున్నాడని ఎవరో అన్నారు. నాన్న అద్భుతమని గంట కొట్టించాడు.

ఆ వారం తలచుకుంటే రోత. నరసన్నపేట దాకా కబురు పాకి జనం విరగబడ్డారు. చీము కారే పుండ్లను ఆ గోడకు రాసేవారు, ఒకరు నాకిన చోటే మరొకరు పసిపిల్ల నోరు ఆనించేవారు, మొక్కుబడి కోళ్లు వేసిన రెట్టల్లోనే ఈగల మధ్య మోకరిల్లేవారు. జబ్బులతో వచ్చినవాళ్లు, వాళ్లననడానికి నోరు రాదు. అంతా తెలిసి, గొంతెత్తి జపం చెప్పిస్తున్న నాన్నను చూస్తే ఇంకా రోత.

పిల్లలం అప్ప అని పిలిచే మార్తమ్మ ఉప్పుమడుల్లో కూలి చేసేది, రోజూ తెల్లవారగానే గుడి ఊడ్చేది. ఆ వారంలోనే ఆవిడ అందరి ముందూ తడిగుడ్డతో బొమ్మ ముఖం తుడిచేసింది.

"ఏడుపేటి, ఏడుపు! ఉప్పులో పుట్టినోల్లం, ఉప్పునీరు తెలీదేటర్రా? సంటిపిల్లలకి నాకిస్తన్నారు, సిగ్గు నేదు!"

"పునీతుడి మొకం మసిగుడ్డతో తుడుస్తావా?" నాన్న అరిచాడు.

మేస్త్రి అప్పటికే పని వెతుక్కుంటూ ఖరగ్‌పూర్ పోయాడు. మార్తమ్మ నా వైపు తిరిగింది. "ఒరే గుంటడా, నాను ఇసక గంప దించతన్నప్పుడు మేస్త్రి సెప్పిన మాట నువ్వూ ఇన్నావు గదా. సెప్పు."

నాన్న నన్నే చూస్తున్నాడు.

"నాకు తెలీదు" అన్నాను.

ఆవిడ చేతిలో చీపురు లాక్కున్నారు. గుడి మెట్లెక్కవద్దన్నారు. తర్వాతి పండగలకు ఆవిడ దారికి అవతల నిలబడి శిలువ గుర్తు వేసుకుంటుంటే, నేను మొహం తిప్పుకొని కుడుములు తిన్నాను. పదిమంది ముందు ఒక్కతే నిజం పలికిన మనిషిని బయటికి గెంటి, సున్నపు బొమ్మకు దణ్ణం పెట్టిన గుడి అది. అందులో దేవుడు ఎక్కడున్నాడో అడిగే ధైర్యం నాకు పెద్దయ్యాకా రాలేదు.

ఇప్పుడు ఉప్పుకుప్పలు లేవు, రొయ్యల చెరువులు వచ్చాయి. పాత గుడి పెచ్చులూడి కూలిపోతే నున్నటి టైల్స్‌తో కొత్తది కట్టారు. నాన్న పోయాడు. మొన్న మార్తమ్మ ఇంటికి వెళ్లి, పక్కన కూర్చుని అంతా ఒప్పుకున్నాను. ఎండుచేపలు ఏరుతున్న చేతులు ఆగలేదు.

"నాకాడ సెప్తే ఏటొస్తాది బాబూ? నాకు తెలీదేటి? నన్నన్నది గుడిలో. ఆడ సెప్పు."

ఆదివారం పూజ అయ్యాక లేచి నిలబడ్డాను. ఆవిడ గుమ్మం బయటే ఉంది.

"ఆ గోడ ఉప్పిసకతో కట్టినాది. మేస్త్రి మా నాన్నకి సెప్తంటే ఇన్నాను. మార్తమ్మప్ప నిజం సెప్పినాది, నాను అబద్ధమాడినాను. అప్పా, తప్పయిపోనాది. నన్ను క్షమించు."