పైకప్పు లేని కారు

మీ వీధిలో పెళ్లి కారు వెళ్తుంటే మీరు చూసేది కారునా, అందులో కూర్చున్న మనిషినా?

డెబ్బైల మొదట్లో, శేరిలింగంపల్లి పక్కన మా ఊళ్లో నేను కారునే చూశాను. మాదిగవాడలో ఒకాయనకు పెళ్లి కుదిరింది. కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీలో కొలువు ఆయనకు. ఊరేగింపు కోసం పట్నంలోని ఒక దేవిడీ నుంచి, అంటే పాత నవాబు బంగళా నుంచి, నవాబుల కాలపు కారును కిరాయికి మాట్లాడుకున్నాడు. ఇత్తడి దీపాలు, ఎత్తయిన సీట్లు. పైకప్పు లేదు.

ఆ సంగతి తెలిసి, ద్రాక్షతోటల మీద సంపాదించిన మా మేనమామ ఆయన్ని పిలిపించాడు. మామ అప్పుడే కొన్న అమెరికా కారు వాకిలి పొడుగునా పాలరంగులో మెరుస్తోంది.

"ఆ డొక్కు బండి ఏం జేస్కుంటవ్‌రా? నా కారు తీస్కపో. పైసా ఇయ్యకు."

నా ఛాతీ పొంగింది. కాలేజీలో, సంస్కరణ సభల్లో వాదించి చప్పట్లు కొట్టించుకుంటున్న రోజులవి. మా ఇంటి కారులో మాదిగవాడ పెళ్లికొడుకు! వెంటనే అందుకున్నాను.

"జర ఆలోచించన్నా. ఆ పాత ఇంజన్ నడిమిట్ల ఆగుతది. సీట్లల్లకెల్లి పీచు బయటికొచ్చింది. ఇది మెత్తగ పోతది, వానొచ్చినా ఫికర్ లేదు. పాతదాన్నే పట్టుకునుడు మూఢనమ్మకం కాదా?"

ఆయన అంతా విన్నాడు.

"నువ్వు చెప్పేదంత నిజమే పటేలా. గని దీంట్ల కూసుంటే నేను ఎవలకు కనబడ."

మామ నవ్వాడు. "కనబడి ఏం జేస్తవ్‌రా? అద్దాలకు పరదాలు గూడ ఉన్నయ్. మంచిగ ఒరిగి కూసోని పో."

అప్పుడు అర్థమైంది నాకు. పెద్ద వీధిలో అరుగుల మీద కూర్చున్నవాళ్ల కంటే ఎత్తులో ఆయన కనబడకూడదు. మామ కారు ఇస్తున్నది ఎక్కించడానికి కాదు, దాచడానికి. ఇంజన్ గురించి, సీట్ల గురించి నేను చూపిన హేతువులన్నీ ఆ పరదాలకు కుట్లు వేశాయి. ఆయన వైపు చూడలేకపోయాను.

పెళ్లినాడు ఆయన పాత కారులోనే వచ్చాడు. డప్పు వినగానే అరుగులు ఖాళీ అయ్యాయి. వరసగా తలుపులు పడ్డాయి. "లోపలికి రా, గడియ పెట్టు" అన్నాడు మామ.

పెట్టాను.

కిటికీ సందులోంచి చూశాను. కారు నింపాదిగా వెళ్తోంది. ఆయన నిటారుగా కూర్చుని, మూసిన ఒక్కో తలుపు వైపూ తల తిప్పి చూస్తున్నాడు. మా తలుపు వైపు కూడా చూశాడు. ఆ కారుకు లేని పైకప్పును మా వీధంతా కలిసి కప్పింది.

ఆ అరుగులు ఇప్పుడు లేవు. అపార్ట్‌మెంట్లు లేచాయి, వాటికి పెద్ద పెద్ద గేట్లు. పాత కారు గొప్పదా కొత్తది గొప్పదా అని ఎవరైనా వాదం మొదలుపెడితే నాకు మాత్రం ఆ ఇనుప గడియ చల్లదనం వేళ్లకు తగులుతుంది.

మీ వీధిలో ఎవరి ఊరేగింపు చూసి మీవాళ్లు లోపలికి జారుకుంటారో మీకు తెలుసు. ఈసారి కారు సంగతి వదిలేయండి. తలుపు తీయండి. బయటికొచ్చి నిలబడి, ఆ పెళ్లికొడుకు ముఖంలోకి చూడండి.