బియ్యంలో కలిపిన తెల్ల పొడి

ఈ మాట ఇంతవరకు నా డైరీలో తప్ప ఎక్కడా లేదు. ఆళ్లగడ్డలో మా అవ్వ ఇంట్లో, బియ్యం మూటల వెనక కూర్చుని నవలలు చదువుతూ గుప్పెళ్లకొద్దీ పచ్చి బియ్యం నమిలేదాన్ని. అట్లా తింటే పెళ్లినాడు వాన పడుతుందని అవ్వ తిట్టేది. అందుకే దాక్కునేదాన్ని.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఒక ఉదయం కడుపు మెలిపెట్టి, కాలేజీ దారిలోంచే వెనక్కి వచ్చాను. ఆ రోజు ఆరుసార్లు విరేచనాలయ్యాయి. వారమైనా తగ్గకపోతే అవ్వ నన్ను బస్సులో నంద్యాలకు తీసుకుపోయింది. డాక్టరమ్మ స్టూల్ టెస్ట్, బ్లడ్ టెస్ట్ చేయించి, "ఇన్ఫెక్షన్ ఉన్నట్టుంది" అని టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చింది. నాలుగు రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. మళ్లీ అదే కోర్సు. మూడు నెలల్లో జాకెట్లన్నీ వదులైపోయాయి. ఇంక బతకనేమో అనుకున్నాను.

ఒకరోజు అవ్వ కొత్త బియ్యం చాప మీద పోసి, డబ్బాలోంచి తెల్ల పొడి చల్లి చేత్తో కలుపుతోంది. పురుగు పట్టకుండా ఏటా చేసేదే. పొట్లం కాగితాన్ని కూడా వదలకుండా చదివే నేను, ఆ డబ్బా మీది అక్షరాలు అంతవరకు చూడలేదు. ఆ రోజు చదివాను. విషం. తినే ధాన్యంలో కలపరాదు.

డబ్బాను చేతిలోకి తీసుకున్నాను. "అవ్వా, ఇది యాడిది?"

"చేన్లోకి తెచ్చిందే. ఏందే అట్ల చూస్తాండావ్? నాలుగు నీళ్లు కడిగే గదా వండేది."

డబ్బాను గుడ్డలో చుట్టి, అవ్వతో కలిసి వెళ్లి డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆమె డబ్బా తిప్పి అక్షరాలన్నీ చదివింది.

"పేగుల్లో మనకు మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. తిన్నది అరగడానికి అదీ కావాలి. ఈ విషం దాన్ని దెబ్బతీసి ఉండొచ్చు. మిగిలిన దాన్ని నేనిచ్చిన యాంటీబయాటిక్ చంపింది" అంది. డాక్టరు తన మందు గురించే అట్లా అంటుందని నేననుకోలేదు.

"అందరమూ తింటిమి గదమ్మా. ఈ పాపకొక్కదానికే ఎందుకైతాది?" అని అవ్వ అడిగింది.

కడగని బియ్యం తిన్నది నేనొక్కదాన్నే. ఆ మాట దాచి, డబ్బాను మళ్లీ గుడ్డలో చుట్టాను.

డాక్టరమ్మ మందులన్నీ ఆపించింది. పలుచని జావ, మజ్జిగ. నెలకు బాగైందని ఊరగాయ తింటే మళ్లీ మొదటికొచ్చింది. కోలుకోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా అవ్వ, "నా చేత్తోనే పెడ్తినే" అంటూనే ఉంది. పచ్చి బియ్యం సంగతి అప్పుడైనా నేను చెప్పలేదు.

ఇప్పుడు నంద్యాలలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. రెండు పూటలా అన్నం తింటున్నాను. డాక్టరు అడిగితే తిన్నదంతా చెప్పండి, సిగ్గనిపించేదైనా సరే.

అవ్వ నిరుడు పోయింది. నేను చివరిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు మూట విప్పి, గుప్పెడు బియ్యం నా చేతిలో పోసింది.

"ఆ పొడి కాదులే, యేపాకే ఏసినా. మూటల ఎనక ఎందుకే, ఈడ నా ముందర కూచ్చోని తిను."