టీవీ లైసెన్సు గురించి మా తోడల్లుడికి నేను చెప్పింది

శాన్ రామన్‌లో ఒక పుట్టినరోజు పార్టీలో కొత్తగా పరిచయమైన ఒకాయన మా తోడల్లుడిని అడిగాడట: "అన్నా, ఏమనుకోకండి, సిటీ హాల్‌కి వెళ్ళి టీవీకి లైసెన్స్ అడిగింది మీరేనా?"

టెక్సస్‌లో జరిగిన సంగతిని కాలిఫోర్నియాకి ఎవరు మోశారో తెలియదు. ఈ దేశంలో మనవాళ్ళు ఊరు మారితే సామాను రావడానికి వారాలు పడుతుంది గాని, వాళ్ళ మీది జోకు మాత్రం ముందే చేరిపోయి కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఆయన నవ్వి ఊరుకున్నాడట. ఆయనెప్పుడూ అంతే. అందుకని అసలేం జరిగిందో నేనే రాయాలి. ఆ కథలో నాకూ ఒక పాత్ర ఉంది. చెప్పుకుని నవ్వేవాళ్ళకి అది తెలియదు.

మా తోడల్లుడంటే మా ఆవిడ అక్క భర్త. చాలా ఏళ్ళు ఇంగ్లండ్‌లో ఉన్నాడు. అత్తవారింట్లో ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుడిని. ఈ మాటకి అర్థం రెండో అల్లుడైనవాడికే తెలుస్తుంది. ఆయన పచ్చడి మళ్ళీ అడిగితే మా అత్తగారికి ముచ్చట. నేను అడిగితే, "బీపీ చూపించుకున్నారా?" అనేది. ఆయన నెమ్మదిగా మాట్లాడితే హుందాతనం, నేను నెమ్మదిగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమోనని కంగారు. ఆయన తప్పేమీ లేదు. ఆయన వైపు నుంచి ఎప్పుడూ పోటీ లేదు. పోటీ అంతా నేనొక్కడినే పడేవాణ్ణి.

అయితే టెక్సస్‌లో మేముండే ఇర్వింగ్‌లో నాకంటూ ఒక హోదా ఉండేది. మ్యాచ్ ఉందంటే శనివారం పొద్దున్నే మా ఇల్లే స్టేడియం. క్రికెట్ యాప్ మా ఇంట్లో ఉంది, పెద్ద పాలగిన్నె మా ఇంట్లో ఉంది. చుట్టుపక్కల మనవాళ్ళంతా పైజమాల్లోనే కారెక్కి వచ్చేసేవారు. సోఫా చాలక సగంమంది కార్పెట్ మీద కూర్చునేవారు. ఎవరైనా కొత్తవాళ్ళు ఇర్వింగ్ వస్తే, "శనివారం అన్నయ్యగారింటికి రండి, అందరూ తెలుస్తారు" అని చెప్పేవారు. ఆ అన్నయ్యగారిని నేను.

అలాంటి ఊళ్ళోకి మా తోడల్లుడు కంపెనీ పని మీద మారి వచ్చాడు. మా ఇంటికి దగ్గర్లోనే ఇల్లు కొన్నాడు. హాలు చూస్తే చిన్న పెళ్ళి చేయొచ్చు. మా వదిన ఇంగ్లండ్‌లో ఉన్న ఊళ్ళో తెలుగు మాట వినపడేది కాదట. ఇక్కడికి రాగానే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి పెద్ద స్టీలు గిన్నెలు కొనుక్కొచ్చింది. ఇంతేసి గిన్నెల్లో సాంబారు ఎవరికే అని మా ఆవిడ అడిగితే, "వచ్చేవాళ్ళకి" అంది. ఎవరొస్తారో ఆవిడకి ఇంకా తెలియదు.

తర్వాత టీవీ వచ్చింది. గోడకి బిగించడానికి నన్ను పిలిచాడు. నేనొక వైపు, ఆయనొక వైపు పట్టుకుని ఉండగా అడిగాడు.

"తమ్ముడూ, దీనికి లైసెన్స్ ఎక్కడ తీసుకోవాలి?"

"దేనికి?"

"టీవీకయ్యా. సిటీ సైట్‌లో వెతికాను, కనపడలేదు."

ఇంగ్లండ్‌లో టీవీకి ఇంటికొక లైసెన్సు ఉంటుందని విన్నాను గాని, వివరం తెలియదు. "ఇప్పుడంతా యాప్‌లే కదా అన్నయ్యా. వాటికి కూడానా?" అన్నాను.

"అక్కడే అందరూ పొరబడతారు. సినిమాలు, సీరియల్స్ మన ఇష్టమొచ్చినప్పుడు యాప్‌లో చూసుకుంటే అక్కర్లేదు. అక్కడి జాతీయ ఛానల్ యాప్ ఒక్కటి తప్ప. లైవ్ అనుకో, ఏ యాప్‌లో చూసినా కావాలి. ఫోన్‌లో చూసినా కావాలి. ఇక్కడెలా?"

ఇక్కడ అలాంటిదేమీ లేదు. అమెరికాలో టీవీ చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, యాప్ వాడికి కార్డు నంబరు ఇస్తే చాలు. ఆ ఒక్క ముక్క చెప్పాల్సింది. కానీ ఆయన అంత గంభీరంగా అడిగేసరికి నాకు సరదా పుట్టింది.

"ఇక్కడా అంతే అన్నయ్యా. సినిమాలకి అక్కర్లేదు. లైవ్‌కే. సిటీ వాళ్ళిస్తారు."

నవ్వుతాడనుకున్నాను. ఆయన తలూపాడు. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. అప్పటికే ఇంటి అలారానికి పర్మిట్ తీసుకున్నాడు. పక్కింటాయన పాత సామాను గరాజ్‌లో పెట్టి అమ్ముకోవడానికి పర్మిట్ తెచ్చుకోవడం కళ్ళారా చూశాడు. పైగా మా నాన్నల కాలంలో రేడియోకి కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవారు. అన్నీ చూసినవాడికి టీవీ లైసెన్సు అబద్ధమని ఎందుకనిపిస్తుంది?

జోక్ చేశానన్నయ్యా అనబోయాను. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి వదిన అంది: "ఫైనల్ మా ఇంట్లోనే మరిదిగారూ. అందర్నీ పిలుద్దాం. పాపం మీ ఇంట్లో కార్పెట్ మీద ఎంతమందని కూర్చుంటారు?"

ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం అత్తగారి పచ్చడి గుర్తొచ్చింది.

"కొత్తగా వచ్చినవాళ్ళకి లైసెన్స్ రావడానికి టైమ్ పడుతుంది వదినా. అప్పటిదాకా మా ఇంట్లోనే కానిద్దాం."

ఇలా సరదాగా మొదలైన మాట అబద్ధమైంది.

ఆ సీజనంతా వాళ్ళు మా ఇంటికే వచ్చారు. వదిన పులిహోర తెచ్చేది. ఆయన ఒక మూల మడత కుర్చీలో కూర్చుని ఓవర్ల మధ్యలో ఎవర్నో ఒకర్ని పలకరించేవాడు. నా ప్రాణం ఆ కుర్చీ మీదే ఉండేది. ఒకసారి పక్కనున్న కుర్రాణ్ణి, "మీ ఇంట్లో కూడా లైవ్ చూస్తారా? ఎప్పుడు తీసుకున్నారు?" అని అడగనే అడిగాడు. "అన్నయ్యా, టీ చల్లారిపోతోంది" అంటూ నేను మధ్యలో దూరాను. ఆ కుర్రాడు యాప్ గురించి అనుకుని ఏదో చెప్పాడు. గండం గడిచింది.

ఫైనల్ దగ్గరపడింది. వదినకి మనసాగలేదు. ఆవిడ మాట తీసెయ్యలేక ఆయన ఒక శుక్రవారం ఆఫీస్‌నుంచి నేరుగా సిటీ హాల్‌కి వెళ్ళాడు. కౌంటర్ దగ్గర, లైవ్ క్రికెట్ చూడటానికి మా ఇంటికి టీవీ లైసెన్సు కావాలి అన్నాడట. కౌంటర్లో ఉన్నావిడకి అర్థం కాక ఇంకొకావిడని పిలిచింది. వాళ్ళు పాపం హోటల్లో టీవీ పెట్టడానికేమో అనుకుని మర్యాదగా, "మీకు రెస్టరెంట్ ఉందా?" అని అడిగారట. ఆయన కర్మ, వెనక లైన్‌లో మనవాడొకడు పెరట్లో షెడ్ పర్మిట్ కోసం నిలబడి ఉన్నాడు.

ఆయన కారు దగ్గరికి చేరేలోపే మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చేసింది. "బ్రేకింగ్ న్యూస్" అని మొదలుపెట్టి, వెనకాల ఏడుస్తూ నవ్వే బొమ్మలు.

ఫైనల్ మా ఇంట్లోనే జరిగింది. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే అందుకున్నారు.

"అన్నా, రిమోట్‌కి సెపరేట్ లైసెన్సా, టీవీతో కలిపే ఇస్తారా?"

"ఇంగ్లండ్‌లో నిద్రపోవడానికి కూడా పర్మిట్ కావాలా అండీ?"

"మా మైక్రోవేవ్‌కి కూడా అడిగి రావాల్సింది అన్నయ్యా!"

ఆ చివరిది నేనన్నది. అన్నిటికంటే ఎక్కువ నవ్వు దానికే వచ్చింది.

ఆయన కూడా నవ్వాడు. "ఇన్నేళ్ళ అలవాటయ్యా, ఒక పట్టాన పోదు" అన్నాడు. నావైపు చూడలేదు. వదిన మాత్రం చూసింది. ఆ రోజు వంటింట్లోంచి అంతా విన్నది ఆవిడే కదా. చూసి, పులిహోర గిన్నె మా ఆవిడ చేతికిచ్చి లోపలికెళ్ళింది.

ఆ తర్వాత వాళ్ళు శనివారాలు రావడం మానేశారు. "ఆయనకి ఆఫీస్ పని" అని వదిన మా ఆవిడకి చెప్పింది. ఊళ్ళో ఆయన పేరు లైసెన్స్ అన్నయ్య అయిపోయింది. ఆ పేరున్న మనిషి ఇంటికి మ్యాచ్ చూడటానికి ఎవరెళ్తారు? నేను నోరు విప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం కష్టమవుతుందని అప్పుడు తెలియలేదు. తెలిశాక అదే సాకైంది.

రెండేళ్ళ తర్వాత మా ఆవిడ అంది: "అక్కవాళ్ళు శాన్ రామన్ వెళ్ళిపోతున్నారు. బావగారికి అక్కడ జాబ్ వచ్చిందట. ఇక్కడ తోచట్లేదంటోంది అక్క."

వెంటనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన గరాజ్‌లో అట్టపెట్టెలకి టేపు వేస్తున్నాడు. చెప్పాల్సింది చెప్పేశాను, ఆ ఫైనల్ మా ఇంట్లో ఉండాలన్న యావతో సహా.

"తెలుసు" అన్నాడు, టేపు కత్తిరిస్తూ. "కౌంటర్ దగ్గరే తెలిసింది. గ్రూపులో పడింది కదా, నువ్వే ముందు చెప్తావనుకున్నా. నేనే జోక్ చేశా అంటే సరిపోయేది. నేనూ నవ్వేవాణ్ణి."

"మరి మీరు చెప్పొచ్చు కదా అన్నయ్యా?"

"చెప్తే? మా ఆవిడ మీ ఆవిడని అడుగుతుంది. మీ ఆవిడ ఉడుక్కుంటుంది. ఉన్నదే ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. టీవీ కోసం వాళ్ళు మాటలు మానేయాలా? వంటింట్లోంచి విన్న మా ఆవిడని ఊరుకోబెట్టడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది."

"అందరికీ చెప్పేస్తాను."

"చెప్పు. చెప్పేదేదో మా ఇంట్లో చెప్పు."

వాళ్ళు వెళ్ళేముందు శనివారం నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అందర్నీ వాళ్ళింటికి పిలిచాను. వీధంతా కార్లు. ఇన్నింగ్స్ మధ్యలో టీవీ సౌండ్ తగ్గించి, నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"అంటే ఇదంతా ఆ సోఫా మీద మమ్మల్ని కూర్చోబెట్టడానికా?" అన్నాడు షెడ్ పర్మిట్ ఆయన. "దాని స్ప్రింగ్ గుచ్చుకుని నేను ఫిజియోథెరపీకి వెళ్ళాను బాబూ!"

అందరూ నవ్వారు, ఈసారి నా మీద. మా ఆవిడ నవ్వలేదు. ఆ విషయం ఇంటికెళ్ళాక తేలింది, ఇంకా తేలుతూనే ఉంది.

మ్యాచ్ అయ్యాక కూడా ఎవరూ లేవలేదు. ఇద్దరు ముగ్గురు గిన్నెలు కడగడానికి పోటీ పడ్డారు. ఎవరో ఆయన దగ్గర కూర్చుని ఇంగ్లండ్ రూల్ మళ్ళీ మొదటినుంచీ చెప్పించుకున్నారు, నిజంగా తెలుసుకోవాలనే.

చివరికి నేను బయల్దేరాను. వదిన గుమ్మం దాకా వచ్చింది. లోపల ఇంకా మాటలు వినపడుతున్నాయి.

"ఇల్లు ఇలా బాగుంది కదా మరిదిగారూ, మనుషులతో" అంది. "ఇలా ఉంటుందనే కొన్నాం."

చెప్పులేసుకోవడానికి నేను చాలాసేపు వంగే ఉన్నాను.