పక్క బటన్ సాంబయ్య మావయ్య

నిన్న పొద్దున షాపు షట్టర్ తీస్తుంటే ఫోన్. గుడివాడ నుంచి లక్ష్మి, సాంబయ్య మావయ్య కూతురు.

"అన్నయ్యా, నాన్న వెళ్లిపోయారు."

అక్కడే మెట్టు మీద కూలబడిపోయాను.

కాసేపటికి నా నోట్లోంచి వచ్చిన మాట ఏంటో తెలుసా?
హమ్మయ్య.

తిడతారు, తెలుసు. ముందు చదవండి.

సాంబయ్య గారు నాకు చుట్టం కాదు. అయినా చిన్నప్పట్నుంచీ మావయ్యే. మా ఘంటసాల మండలం వైపు వాళ్లకి ఆయన పార్టీ గుర్తుండే ఉంటుంది, గొడుగు గుర్తు. స్టేట్ మీటింగ్ అంటే ఒక ఆటో సరిపోయేది. అందులోనూ ఇంకొకరికి చోటుండేది!

వాళ్ల డిమాండ్ ఒక్కటే. ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లొచ్చాయో బయటకి రాకూడదు.

"ఊళ్లన్నిటి ధాన్యం ఒకే కళ్లంలో పోసినట్టు ఓట్లు కలిపేసి లెక్కపెట్టండి. అప్పుడు మీ ఊరు మాకు వెయ్యలేదని మీ కాలవ పూడికతీత ఆపేవాడు ఉండడు."

స్కూటర్‌కి మైకు కట్టుకుని దివిసీమంతా ఇదే చెప్పారు.

ఎమ్మెల్యేగా నిలబడ్డప్పుడు మా ఊరి బూత్‌లో ఏజెంట్‌ని నేనే. ఊళ్లో ఆయన మనుషులం అంటే ఆయనా నేనూ, అంతే. అత్తయ్య అప్పటికే లేదు. లక్ష్మి ఓటు గుడివాడలో.

కౌంటింగ్ అయింది. మా బూత్‌లో గొడుగుకి ఒకే ఒక్క ఓటు.

మర్నాడు టీ కొట్టు దగ్గర అందరూ నన్నే చూస్తున్నారు. "ఏమయ్యా ఏజెంటూ, ఇద్దరున్నారు కదా, ఒకటే వచ్చిందేంటి?"

నేను టీ గ్లాసు కింద పెట్టి లేవబోయాను.

మావయ్య తాపీగా టీ ఊదుకుంటూ, "వాడిది పడిందిలే. నేనే కళ్లజోడు మర్చిపోయి పక్క బటన్ నొక్కేశాను" అన్నారు.

కొట్టంతా ఒకటే నవ్వులు. ఆ రోజు నుంచి ఆయన పక్క బటన్ సాంబయ్య.

నేనూ నవ్వాను. సిగ్గులేని వెధవని.

ఆ ఒక్క ఓటు ఆయనదే.
ఎలాగూ గెలవరు, వేస్ట్ కదా అని నేను వేరేవాళ్లకి వేశాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన ఏజెంట్‌గా కూర్చుని మరీ!

ఆ తర్వాత ఆయన స్కూటర్ సౌండ్ వినపడితే చాలు, షాపులో వెనక గదిలోకి పోయేవాణ్ణి. ఇన్నేళ్లూ అదే బతుకు.

పోయిన ఆదివారం, ఒంట్లో బాగోలేక ఆయన్ని చేర్చిన బందరు హాస్పిటల్‌కి వెళ్లాను. ఆయన కొంచెం మజ్జిగ తాగి కూర్చున్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేను అనిపించింది.

"మావయ్యా, ఆ రోజు నేను మీకు వెయ్యలేదు."

"తెలుసులేరా అల్లుడూ. నాది నేను వేసుకున్నాను కదా!"

నాకు ఏడుపు ఆగలేదు. ఆయనకి నవ్వు ఆగలేదు.

"అందుకే కదరా కలిపి లెక్కపెట్టమని మొత్తుకుంది. కలిపేసుంటే నువ్వు ఇన్నాళ్లు నన్ను తప్పించుకుని తిరిగేవాడివా? అయినా ఓటు రహస్యం. నాకెందుకు చెప్పావు?"

నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. నర్సు వచ్చి ఇద్దరికీ చివాట్లు పెట్టింది.

అందుకండీ ఆ హమ్మయ్య. ఒక్క వారం ఆలస్యం చేసుంటే జన్మంతా మోసేవాణ్ణి. నిద్రలోనే, నొప్పి లేకుండా వెళ్లారని లక్ష్మి చెప్పింది. అది ఇంకో హమ్మయ్య.

మా ఊరోళ్లకి ఒక్క మాట. సాంబయ్య గారు పక్క బటన్ నొక్కలేదు. ఆయన కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది. నొక్కింది నేను. ఇంక ఆ పేరుతో పిలవాలంటే నన్ను పిలవండి.

మావయ్యా, ఇక మీదట నా ఓటు ఎవరికో ఎవ్వరికీ చెప్పను. మీక్కూడా.

హాయిగా పడుకోండి.